పెద్దగా కనబడితే గురి కుదరదు

"రెడ్ డాట్ సైటు దగ్గరి దెబ్బకే పనికొస్తుంది. గురి కచ్చితంగా కుదరాలంటే స్కోపు ఉండాల్సిందే. స్కోపు ఎన్ని ఎక్కువ రెట్లు పెద్దది చేసి చూపిస్తే గుండు అంత కచ్చితంగా పడుతుంది." బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో రైఫిల్ ఊసు వచ్చిందంటే ఈ మూడు వాక్యాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. ఎన్.సి.సి. క్యాంపు నుంచి తిరిగొచ్చిన కుర్రాడు అంటాడు, పదవీ విరమణ చేసిన జవాను అంటాడు, కొత్తగా ఎయిర్ గన్ను కొనుక్కున్న చేపల చెరువుల ఆసామీ అంటాడు. దేశ సైన్యానికి నైట్ విజన్ పరికరాలు చేసి పంపే బందరులోనే ఈ మాట ఇంతగా పాతుకుపోవడం నాకు బాధ కలిగిస్తోంది. ఈ మాట తప్పు. అక్కడక్కడ సవరిస్తే సరిపోయే తప్పు కాదు, పునాదిలోనే ఉన్న తప్పు.

ముందు వాళ్ళ వాదనను వాళ్ళ తరఫునే చెబుతాను. కంటికి ఆననిదాన్ని ఎవరూ కొట్టలేరు, ఇది మొదటిది. రెడ్ డాట్ లక్ష్యాన్ని పెద్దది చేయదు, దాని మీద వెలిగే చుక్కను మాత్రం చూపిస్తుంది. మామూలుగా దొరికే వాటిలో ఆ చుక్క 2 ఎం.ఓ.ఏ. ఉంటుంది. ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం, 100 మీటర్ల దగ్గర అది సుమారు 2.9 సెంటీమీటర్లు. అంటే ఆ చుక్క 100 మీటర్ల దగ్గర దాదాపు 6 సెంటీమీటర్లు, 300 మీటర్ల దగ్గర 17 సెంటీమీటర్ల మేర కప్పేస్తుంది. స్కోపులోని సన్నటి గీత అంత మేర కప్పదు. ఇది రెండోది. బ్రిటిష్ సైన్యం 1985లో ఎస్.ఏ.80 రైఫిల్ తెచ్చినప్పుడే దాని మీద 4 రెట్ల సుసాట్ సైటు పెట్టింది, అమెరికా మెరీన్లు ఇరాక్‌లో 4 రెట్ల ఏకాగ్ సైటు వాడారు. యుద్ధం చేసేవాళ్ళకు తెలియదా అన్నది మూడోది. బల్ల మీద రైఫిల్ ఆనించి పోటీపడే బెంచ్‌రెస్ట్ వాళ్ళు 36 రెట్ల స్కోపులు వాడతారు. పైగా రెడ్ డాట్‌కి బ్యాటరీ కావాలి, స్కోపుకి అక్కర్లేదు.

మొదటిదాని సంగతి తర్వాత చూద్దాం, మిగతావన్నీ నిజాలే. వాటిలో ఒక్కదాన్నీ కాదనను. వీటి నుంచి వాళ్ళు తీసిన తీర్పు మాత్రం నిలబడదు.

1. స్కోపు రైఫిల్‌ని మార్చదు

రైఫిల్‌ని ఇనుప బల్లకు బిగించి, మనిషి చెయ్యి తగలకుండా, ఒకే లాటు తూటాలు వరసగా కాల్చి చూడండి. గుళ్ళన్నీ ఒకే బెజ్జంలోంచి పోవు, చెదురుతాయి. బారెల్ నాణ్యత, తూటాలో మందు బరువులో తేడాలు, గుండు ఆకారంలో తేడాలు, కాల్చేకొద్దీ బారెల్ వేడెక్కడం, ఇవీ ఆ చెదురుకు కారణాలు. ఇందులో సైటుకు ఏ పాత్రా లేదు. దాన్ని విప్పి బీరువాలో పెట్టినా గుళ్ళు అంతే చెదురుతాయి.

సైనిక రైఫిల్, మామూలు సర్వీసు తూటా కలిసి 3 ఎం.ఓ.ఏ. చెదురు ఇచ్చాయనుకుందాం. ఇది మంచి లెక్కే, చాలా రైఫిళ్ళు ఇంతకంటే ఎక్కువ చెదురుస్తాయి. రెడ్ డాట్‌తో గురిపెట్టడంలో కన్ను 1 ఎం.ఓ.ఏ. పొరపడిందనుకుందాం. స్కోపుతో ఆ పొరపాటు పావు ఎం.ఓ.ఏ.కి తగ్గిందనుకుందాం. స్కోపు పక్షానికి ఇంతకన్నా ఉదారంగా ఎవరూ ఇవ్వలేరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పొరపాట్లు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల నుంచి కర్ణం కట్టినట్టే. రెడ్ డాట్‌తో 9, 1 కలిపితే 10, దాని వర్గమూలం 3.16. స్కోపుతో 9.06, దాని వర్గమూలం 3.01. తేడా 0.15 ఎం.ఓ.ఏ. అంటే 100 మీటర్ల దగ్గర 4 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇన్సాస్ రైఫిల్ గుండు వ్యాసం 5.7 మిల్లీమీటర్లు. స్కోపు కొని సంపాదించింది ఆ గుండు వెడల్పు కన్నా తక్కువ.

ఇది రైఫిల్ కదలకుండా ఉన్నప్పటి మాట. మనిషి నిలబడి పట్టుకుంటే చేతుల ఊగులాట 6 ఎం.ఓ.ఏ. ఉంటుందనుకోండి, అది మంచి షూటరు లెక్క. అప్పుడు రెడ్ డాట్‌తో మొత్తం 6.78, స్కోపుతో 6.71. తేడా 100 మీటర్ల దగ్గర 2 మిల్లీమీటర్లు.

మరి బెంచ్‌రెస్ట్ వాళ్ళ మాటేమిటి? వాళ్ళ రైఫిల్ అర ఎం.ఓ.ఏ. చెదురుస్తుంది, మందు వాళ్ళే తూచి నింపుకుంటారు, రైఫిల్ ఇసుక సంచుల మీద కదలకుండా కూర్చుంటుంది. అక్కడ అదే లెక్క వేస్తే రెడ్ డాట్‌తో 1.12, స్కోపుతో 0.56. సగానికి సగం. అక్కడ స్కోపు అవసరం, ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ మిగతా పొరపాట్లన్నీ తీసేశాక చివర మిగిలినదాన్ని తీసేసే పరికరం అది. రైఫిల్, తూటా, చేతుల ఊగులాట అనే మొదటి మూడు పొరపాట్లూ అలాగే ఉంచుకుని నాలుగోదాని మీద డబ్బు పెట్టమనడం సలహా కాదు.

ఇంకొకటి. మన తీరంలో గాలి ఆగదు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి 300 మీటర్ల దూరంలో 5.56 గుండును సుమారు పాతిక సెంటీమీటర్లు పక్కకు తోస్తుంది. బందరు బీచ్‌లో అది పిల్లగాలి కింద లెక్క. స్కోపు లక్ష్యాన్ని చూపిస్తుంది. గాలి గుండును ఎటు ఎంత తోస్తుందో చెప్పే పని ఇంకా షూటరుదే, చెట్ల ఆకుల్ని, జెండాని, గడ్డిని చూసి చెప్పుకోవాలి. 4 మిల్లీమీటర్ల కోసం వేలు పోసి పాతిక సెంటీమీటర్ల సంగతి నేర్చుకోని వాళ్ళని కచ్చితత్వం గురించి మాట్లాడనివ్వడం ఇక ఆపాలి.

2. పతకాలు అద్దం లేకుండానే వచ్చాయి

ఒలింపిక్స్‌లో రైఫిల్ విభాగంలో భారత్‌కు వచ్చిన పతకాలు మూడు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ అదే పోటీలో కాంస్యం, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం. మూడు రైఫిళ్ళ మీదా పెద్దది చేసి చూపే అద్దం లేదు. నిబంధనలు ఒప్పుకోవు. వెనక సన్న బెజ్జం, ముందు చిన్న వలయం, అంతే.

ఇప్పుడు వాళ్ళు కొట్టిన లక్ష్యాన్ని చూడండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది మార్కుల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు. దాన్ని కొట్టే పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. కోణంలో చెబితే ఆ చుక్క 0.17 ఎం.ఓ.ఏ. ఆరోగ్యమైన కన్ను విడివిడిగా గుర్తుపట్టగలిగేది సుమారు 1 ఎం.ఓ.ఏ. దాకానే. అంటే షూటరుకు ఆ చుక్క కనబడనే కనబడదు. కనబడనిదాన్ని కొట్టలేం అన్న సూత్రమే నిజమైతే బింద్రాకు స్వర్ణం రాకూడదు.

ఎలా వచ్చింది? షూటరు మధ్య చుక్క కోసం వెతకడు. 30.5 మిల్లీమీటర్ల నల్లటి వృత్తం చుట్టూ ముందు సైటు వలయం సమానంగా ఉందా లేదా అన్నది చూస్తాడు. నలుపు చుట్టూ తెలుపు ఒక పక్క వెంట్రుకవాసి ఎక్కువైనా కన్ను పట్టేస్తుంది. వివరాన్ని విడదీసి చూడడంలో కంటికి ఉన్న శక్తి వేరు, రెండు అంచులు కలిశాయో లేదో, రెండు వృత్తాలు ఒకే కేంద్రం మీద ఉన్నాయో లేదో పోల్చడంలో ఉన్న శక్తి వేరు. రెండోది ఎన్నో రెట్లు పదును. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ చదివిన పిల్లలందరికీ ఇది అనుభవమే. ఏ గీత ఏ గీతతో కలిసిందో ఉత్త కంటితో చూసి మిల్లీమీటరులో పదో వంతు చెబుతారు. రైఫిల్ గురి కూడా ఆ జాతి పనే, దుర్భిణి పని కాదు.

"అవి బెజ్జం సైట్లు, రెడ్ డాట్ కాదుగా" అంటారు. నేను చెబుతున్నది సైటు జాతి గురించి కాదు, పెద్దది చేయకపోవడం గురించి. పెద్దది చేయని సైటుతో ప్రపంచంలోనే అతి కఠినమైన గురి పోటీలు జరుగుతున్నాయి. పెద్దది చేయడమే కచ్చితత్వం అన్నవాళ్ళు దీనికి సమాధానం చెప్పి తీరాలి.

3. "చుక్క లక్ష్యాన్ని కప్పేస్తుంది"

పైన చెప్పిందే దీనికీ జవాబు. 6 ఎం.ఓ.ఏ. నల్ల వృత్తం మధ్య 2 ఎం.ఓ.ఏ. చుక్కను సమానంగా కూర్చోబెట్టడం కంటికి తేలిక. చుక్క కింద ఏముందో కనబడకపోయినా దాని చుట్టూ ఏం మిగిలిందో కనబడుతుంది. పొరపాటు చుక్క వెడల్పంత ఉండదు, అందులో కొద్ది భాగమే ఉంటుంది.

చుక్క పెద్దదిగా ఉంది, పగిలిపోయినట్టుంది అనేవాళ్ళలో చాలామంది వెలుతురును ఆఖరి మెట్టు దాకా తిప్పి పెట్టుకుంటారు. ఎండలో చుక్క కనబడేంత వరకే పెంచి, అక్కడి నుంచి ఒక మెట్టు తగ్గిస్తే అంచు శుభ్రంగా వస్తుంది. అప్పటికీ చుక్క తోకచుక్కలా సాగినట్టు కనబడితే ఫోన్ కెమెరాను సైటు వెనక పెట్టి ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా ఉందంటే లోపం సైటుది కాదు, కంటిలోని ఆస్టిగ్మాటిజానిది. కళ్ళజోడుకు వెళ్ళండి. బ్యాటరీ గురించి ఒక్క మాట చాలు. ఎయిమ్‌పాయింట్ కాంప్ ఎం4 అనే రెడ్ డాట్ ఒక్క పెన్సిల్ సెల్లుతో ఆపకుండా 80,000 గంటలు వెలుగుతుంది. తొమ్మిదేళ్ళ పైమాటే.

4. వణుకు కూడా పెద్దదవుతుంది

స్కోపు లక్ష్యాన్ని ఒక్కదాన్నే పెద్దది చేయదు. చేతుల వణుకును, ఊపిరిని, గుండె కొట్టుకోవడాన్ని కూడా అన్ని రెట్లూ పెద్దవి చేసి కంటికి చూపిస్తుంది. వణుకు నిజంగా పెరగదు, కనబడడం పెరుగుతుంది. నష్టమంతా అక్కడే జరుగుతుంది.

కొత్త షూటరు 9 రెట్ల స్కోపులో చూస్తే క్రాస్ గీత లక్ష్యం మీద ఒకచోట నిలవదు, ఎనిమిది అంకె వేస్తూ తిరుగుతుంది. అతను ఏం చేస్తాడు? గీత మధ్యకు వచ్చిన క్షణం కోసం కాచుకుని, రాగానే ట్రిగ్గరు లాగేస్తాడు. ఆ లాగుడుకు భుజం బిగుసుకుంటుంది, మణికట్టు తిరుగుతుంది, గుండు నాలుగు గంటల వైపో ఎనిమిది గంటల వైపో పోతుంది. టార్గెట్ కాగితం తెచ్చి చూస్తే బెజ్జాలు మధ్యలో ఒకటి, అంచున నాలుగు. స్కోపు మంచిది కాదేమో అని ఇంకా పెద్దది కొంటాడు. అదే కుర్రాడికి చుక్క సైటు ఇస్తే వణుకు అంతగా కనబడదు, కంగారుపడడు, మెల్లగా నొక్కుతాడు.

ఎన్.సి.సి.లో .22 రైఫిల్‌తో 25 గజాల దగ్గర గ్రూపింగ్ ఫైరు చేయించే ముందు నాలుగు సూత్రాలు బట్టీ పట్టిస్తారు. ఆయుధాన్ని నిలబెట్టగలిగేంత గట్టి పొజిషన్, పట్టు ఉండాలి. బలవంతం లేకుండా రైఫిల్ సహజంగానే లక్ష్యం వైపు చూడాలి. సైటు అమరిక సరిగా ఉండాలి. పొజిషన్ చెదరకుండా షాట్ వదలాలి, వదిలాక కూడా కదలకూడదు. నాలుగింటిలో సైటుకు సంబంధించింది ఒక్కటే. "స్కోపు ఉంటే ఎంతైనా కొట్టేవాణ్ణి మాస్టారూ" అనే కేడెట్టు తక్కిన మూడింటినీ వదిలేసి ఆ ఒక్కదాని గురించి మాట్లాడుతున్నాడు. ఆ మాటకు తలూపే పెద్దవాళ్ళు అతనికి మేలు చేయడం లేదు.

రైఫిల్ వదిలి విలువిద్యలోకి వెళ్ళినా ఇదే. కృష్ణా తీరం నుంచే రెండు రకాల విలుకాళ్ళు ప్రపంచ స్థాయికి వెళ్ళారు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు, దాని సైటులో పెద్దది చేసే అద్దం పెట్టుకోవచ్చు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది. విజయవాడ అబ్బాయే బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్ విల్లు. అందులో అద్దానికి అనుమతి లేదు, అయినా 70 మీటర్ల దూరం కొట్టాలి. అతను అవే క్రీడల్లో జట్టు రజతం సాధించాడు, పారిస్ ఒలింపిక్స్ ఆడాడు. కాంపౌండ్‌లో స్కోర్లు ఎక్కువ వస్తాయి కదా అంటారు. వస్తాయి. ఆ విల్లు పూర్తిగా లాగాక చేతి మీద బరువు చాలావరకు తగ్గిపోతుంది, తీగను వేళ్ళతో కాక రిలీజ్ పరికరంతో వదులుతారు, సైటు మీద మట్టం చూపే బుడగ ఉంటుంది. నిలకడ ముందు వచ్చింది, అద్దం తర్వాత వచ్చింది. ఆ అద్దంలో కూడా ఎక్కువ పవరు పెట్టుకుంటే వణుకు ఎక్కువ కనబడుతుందని తక్కువ పవరుకే మొగ్గేవాళ్ళు ఎందరో ఉన్నారు.

5. తల కదిలితే గీత కదులుతుంది

దీని దగ్గర కొంచెం ఆగాలి. మన ప్రాంతంలో అసలు నష్టం ఇక్కడ జరుగుతోంది.

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల, 20 జౌల్స్ లోపు ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి గుడివాడ, నందివాడ, ముదినేపల్లి వైపు చాలామందికి రైఫిల్ అంటే తెలిసింది ఎయిర్ గన్నే. కొన్న వారంలోపే దాని మీదకు స్కోపు ఎక్కుతుంది. అమ్మేవాడు పెద్ద రెట్లు, పెద్ద అద్దం చూపించి అమ్ముతాడు. ఆ స్కోపు ఎక్కువసార్లు పెద్ద రైఫిళ్ళ కోసం చేసింది, దాని లోపలి గీత 100 గజాల దూరానికి అమర్చి ఉంటుంది. మనవాడు దాంతో పెరట్లో 10 మీటర్ల దూరాన డబ్బా పెట్టి కొడతాడు.

ఎయిర్ గన్నును దిండ్ల మధ్య కదలకుండా ఆనించి పెట్టండి. దాన్ని తాకకుండా స్కోపులోంచి చూస్తూ తలను కొద్దిగా ఎడమకు, కొద్దిగా కుడికి జరపండి. గన్ను కదల్లేదు, డబ్బా కదల్లేదు, కానీ గీత డబ్బా మీద అటూ ఇటూ పాకుతుంది. ఇదే పారలాక్స్. 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న స్కోపు 100 గజాలకు అమర్చి ఉంటే, 10 మీటర్ల దగ్గర కన్ను ఒక అంచుకు జరిగినప్పుడు ఈ పొరపాటు దాదాపు 18 మిల్లీమీటర్ల దాకా పోతుంది. ఒలింపిక్ టార్గెట్ నల్ల వృత్తం వ్యాసార్ధం 15 మిల్లీమీటర్లు. అంటే గీత సరిగ్గా మధ్యలో ఉందని కన్ను ప్రమాణం చేస్తుండగానే పెల్లెట్ నలుపు దాటి తెల్ల కాగితంలోకి పోవచ్చు.

రెడ్ డాట్‌కు పారలాక్స్ లేదని అమ్మేవాళ్ళు చెప్పేది కూడా పూర్తి నిజం కాదు, ఉంది. కానీ అందులో చిన్న దీపం వెలుగు వంపు అద్దం మీద పడి సమాంతర కిరణాలుగా కంటికి తిరిగొస్తుంది, చుక్క అనంత దూరంలో ఉన్నట్టు కనబడుతుంది. అందుకని సరిగా తయారైన రెడ్ డాట్‌లో పొరపాటు దాని అద్దం వ్యాసార్ధాన్ని దాటదు. 20 మిల్లీమీటర్ల అద్దమైతే 10 మీటర్ల దగ్గరా, 300 మీటర్ల దగ్గరా గరిష్ఠం 10 మిల్లీమీటర్లే. అదే 100 గజాల స్కోపు 300 మీటర్ల దగ్గర 4 సెంటీమీటర్ల పైన తప్పగలదు. పారలాక్స్ సరిచేసుకునే మర ఉన్న స్కోపులున్నాయి, నిజమే. అవి కొనేవాళ్ళు, ఆ మర తిప్పేవాళ్ళు ఎందరు? దూరానికీ రెట్లకూ తగ్గట్టు సర్దుకోకపోతే స్కోపు కచ్చితత్వాన్ని తీసేస్తుందన్న మాట అమ్మకాల దగ్గర ఎవరూ చెప్పరు.

స్ప్రింగు ఎయిర్ గన్ను మరో దెబ్బ వేస్తుంది. దాని పిస్టన్ ముందుకు దూకి ఆగేటప్పుడు గన్ను మొదట వెనక్కి, తర్వాత ముందుకు రెండు వైపులా కుదుపుతుంది. మామూలు రైఫిల్ స్కోపు ఒక వైపు దెబ్బకే తయారై ఉంటుంది. రెండో వైపు దెబ్బకు లోపలి అద్దాలు వదులవుతాయి, జీరో, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా చేసుకున్న అమరిక, జారిపోతుంది. నిన్న ఎడమకు పడింది ఇవాళ కుడికి పడుతుంది. ఆసామీ తన చెయ్యే బాగాలేదనుకుంటాడు.

ఇక మన గాలి. నాగాయలంక, కోడూరు, హంసలదీవి వైపు ఉప్పు తేమ అద్దాల్ని బతకనివ్వదు. చవక స్కోపులో నైట్రోజన్ నింపి సీలు చేయడం ఉండదు. రెండు వర్షాకాలాలు గడిచాక దాన్ని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి తిరగేసి చూడండి. అద్దాల మధ్య సాలీడు దారాల్లా బూజు కొమ్మలు వేసి కనబడుతుంది. తుడవడానికి చెయ్యి వెళ్ళదు. అద్దాలు ఎక్కువున్న సైటులో బూజు పట్టే చోట్లూ ఎక్కువే. ఎండాకాలం మధ్యాహ్నం దివిసీమ బురద నేలల మీద లేచే వేడి తెరల్ని కూడా స్కోపు వదలదు. లక్ష్యంతో పాటు ఎండమావినీ పెద్దది చేస్తుంది, 10 రెట్లలో టార్గెట్ నీళ్ళలో ఊగినట్టు ఊగుతుంది.

చెరువుల మీద కొంగల్ని, నీటికాకుల్ని కొట్టడానికి ఏ సైటు మంచిది అని అడిగేవాళ్ళకు ఏ సైటూ చెప్పను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. చేపల రైతు నష్టం నిజమే, దానికి వలలున్నాయి, తీగలున్నాయి, కాపలా ఉంది. గురి గురించి మాట్లాడే అర్హత మొదట ఎక్కడ గురిపెట్టకూడదో తెలిసినవాళ్ళదే.

6. పడవ మీదా, చీకట్లోనూ

మనది సముద్ర తీరం. గిలకలదిండిలో, పాలకాయతిప్పలో మెరైన్ పోలీసు స్టేషన్లున్నాయి. పడవ మీద నుంచి రైఫిల్ పట్టుకునే మనిషికి ఏ సైటు కావాలన్నది మనకు పుస్తకాల ప్రశ్న కాదు. పడవ ఒక్క డిగ్రీ ఒరిగితే చాలు, 100 మీటర్ల దూరంలో గురి 1.75 మీటర్లు జరిగిపోతుంది. 10 రెట్ల స్కోపులో ఆ దూరంలో కనబడే మేర మూడు నాలుగు మీటర్లు. రెండు డిగ్రీల ఒరుగుకు లక్ష్యం అద్దంలోంచే వెళ్ళిపోతుంది. పైగా స్కోపు వెనక కన్ను సరైన చోట, సరైన దూరంలో ఉండాలి. 40 మిల్లీమీటర్ల అద్దాన్ని 10 రెట్లకు తిప్పితే కంటికి వచ్చే వెలుగు వలయం 4 మిల్లీమీటర్లే, తల కాస్త పక్కకు పోతే నల్లటి నెలవంక కమ్మేస్తుంది. రెడ్ డాట్‌లో రెండు కళ్ళూ తెరిచి చూడొచ్చు, తల ఎక్కడున్నా చుక్క కనబడితే చాలు. భారత నౌకాదళం 2020లో ఇజ్రాయెల్ నుంచి స్మాష్ 2000 ప్లస్ సైట్లు కొనడానికి పూనుకుంది. అవి లక్ష్యాన్ని పెద్దది చేసి చూపడం మీద ఆధారపడవు. గురి కుదిరే క్షణాన్ని లెక్కగట్టి, అప్పుడే తూటాను వదలనిస్తాయి. సమస్య చూపులో కాక వదలడంలో ఉందని తెలిసి చేసిన పరికరం అది.

చీకటి సంగతి బందరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చినప్పటి నుంచి ఈ ఊరు నైట్ విజన్‌కు పేరు. పామర్రు దగ్గర నిమ్మలూరులో సుమారు 360 కోట్లతో కట్టిన కొత్త నైట్ విజన్ ఫ్యాక్టరీని 2025 అక్టోబరు 16న ప్రధాని జాతికి అంకితం చేశారు. నైట్ విజన్ గొట్టంలో నక్షత్రాల వెలుగు ఒక పలుచని పూత మీద పడి ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది, సన్నటి గాజు రంధ్రాల పలక వాటిని వేల రెట్లు పెంచుతుంది, అవి తెర మీద పడి పచ్చటి బొమ్మ కడతాయి. అక్కడ కరువు వెలుగుకు, పరిమాణానికి కాదు. అదే వ్యాసం అద్దంతో రెట్లు పెంచితే గొట్టానికి చేరే వెలుగు పలచబడుతుంది, తెర మీది మిణుకు మిణుకు గోల కూడా పెద్దదవుతుంది. అందుకే సైనికులు కళ్ళకు కట్టుకునే నైట్ విజన్ గాగుల్స్ ఒక్క రెట్టువే, ఉన్నది ఉన్నంత చూపిస్తాయి. ఆ గాగుల్స్ వెనక నుంచి రైఫిల్ మీది రెడ్ డాట్ చుక్కను అందుకుని కాల్చడం సైన్యాలకు అలవాటైన పని. మన ఊళ్ళోనే తయారయ్యే పరికరం ఏం చెబుతోందో మన ఊళ్ళోనే వినకపోతే ఎలా?

7. మరి స్కోపు దేనికి?

గుర్తుపట్టడానికి. 300 మీటర్ల దూరంలో నిలబడ్డవాడి చేతిలో ఉన్నది తుపాకీయా, పారా, చేపల గాలమా అన్నది కళ్ళకు తేలాలి. అక్కడ 4 రెట్లు ప్రాణాలు కాపాడతాయి, కాల్చేవాడివే కాదు, కాల్చకూడని మనిషివి కూడా. సైన్యాలు 4 రెట్ల సైటు తెచ్చుకోవడానికి ఇది పెద్ద కారణం. 16 కాక 4తో ఆగడంలోనూ అర్థం ఉంది. చూపు మేర తగ్గిపోకుండా, వణుకు మరీ పెద్దదిగా కనబడకుండా గుర్తుపట్టగలిగే హద్దు అది. బ్రిటిష్ సైన్యం సుసాట్ తర్వాత తెచ్చుకున్న 4 రెట్ల సైటు నెత్తిన చిన్న రెడ్ డాట్ కూడా పెట్టించుకుంది. సైన్యాల పేరు చెప్పి వాదించేవాళ్ళు ఈ సగం కూడా చెప్పాలి.

ఈ పొరపాటును నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. పెద్దది చేయడమే కచ్చితత్వం అనుకున్న చోట శిక్షణకు ఇచ్చే గంటలు తగ్గుతాయి, గుళ్ళకు పెట్టే ఖర్చు తగ్గుతుంది, సైటుకు పెట్టేది పెరుగుతుంది. బందరు, గుడివాడ కాలేజీల్లో ఐరన్ సైటుతో నేర్చుకుంటున్న ఎన్.సి.సి. పిల్లలు తమది పాత సరుకన్న చిన్నచూపుతో రేంజికి వస్తారు. గగన్ నారంగ్ నేర్చుకున్నది కూడా అద్దం లేని సైటు వెనకే అని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

కాబట్టి స్కోపు కొనేముందు ఒక పని చేయండి. ఉన్న సైటుతోనే, ఆనుకుని, 25 గజాల దగ్గర ఐదు గుళ్ళు మెల్లగా కాల్చండి. అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు బెజ్జాల మధ్య కొలవండి. టార్గెట్ మార్చి మళ్ళీ ఐదు, మళ్ళీ ఐదు. మూడు కాగితాల మీదా బెజ్జాలు ఒకే చోట చిన్న ముద్దగా పడి, ఆ ముద్ద మాత్రం మధ్యకు దూరంగా ఉంటే సైటు తిప్పుకోండి, అంతే. ముద్ద కట్టకుండా చెదిరితే ఆ డబ్బుతో పెల్లెట్లు కొనండి, పొజిషన్ సరిచేసే మనిషిని వెతకండి. మూడుసార్లూ అంగుళం లోపలికి వస్తున్న రోజున వచ్చి అడగండి, అప్పుడు ఏ దూరానికి ఎన్ని రెట్లు కావాలో కూర్చుని మాట్లాడుకుందాం.